ఇంటి లినక్స్ సర్వర్‌కి ఏ యంత్రం? వరంగల్ ఎండను, కరెంటును లెక్కలోకి తీసుకుని ఒక పోలిక

ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయిందన్న మెసేజ్ పదేపదే రావడం మొదలయ్యాకే చాలామందికి హోమ్ సర్వర్ (ఇంట్లోనే రాత్రీపగలూ నడుస్తూ అందరి ఫైళ్లూ దాచే కంప్యూటర్) ఆలోచన వస్తుంది. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపేసింది. జీమెయిల్, డ్రైవ్ అన్నిటికీ కలిపి ఇచ్చే 15 జీబీ ఒక పెళ్లి వీడియోకే సరిపోదు. నెలనెలా డబ్బు కట్టే బదులు ఇంట్లోనే ఒక లినక్స్ (విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) యంత్రం పెట్టుకుంటే ఇమిచ్‌లో ఫొటోలు, జెల్లీఫిన్‌లో సినిమాలు, నెక్స్ట్‌క్లౌడ్‌లో కాగితాలు దాచుకోవచ్చు. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే. ఏ యంత్రం కొనాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు.

దొరికే రివ్యూలు ఎక్కువగా ప్రాసెసర్ స్పీడు చుట్టూ తిరుగుతాయి. నలుగురున్న ఇంటి ఫొటోలను, ఒకరిద్దరు చూసే సినిమాలను ఏడెనిమిదేళ్ల కిందటి ఆఫీసు కంప్యూటర్ కూడా తేలిగ్గా మోస్తుంది కాబట్టి స్పీడును నేను చివరన చూస్తాను. హనుమకొండలోనో, జనగామలోనో, మంచిర్యాలలోనో పెట్టే సర్వర్ విషయంలో నా మొదటి ప్రశ్న వేరు. మధ్యాహ్నం కరెంటు పోయి, గంట తర్వాత వచ్చి, ఆ టైంలో ఇంట్లో ఎవరూ లేకపోతే అది దానంతట అదే ఆన్ అయి పని మొదలుపెడుతుందా?

## కొనేముందు చూడాల్సినవి

కరెంటు తిరిగొచ్చాక ఏం చేస్తుంది. దీని గురించి పైనే చెప్పాను. కింద ప్రతి యంత్రం దగ్గరా మళ్లీ వస్తుంది.

నెలకు ఎన్ని యూనిట్లు. సర్వర్ రాత్రీ పగలూ నడుస్తుంది కాబట్టి లెక్క సులువు: 10 వాట్లు లాగే యంత్రం నెలకు 7.2 యూనిట్లు కాలుస్తుంది, 50 వాట్లయితే 36. తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నెల వాడకం 200 యూనిట్లు దాటితే పైన పడ్డ నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు వస్తుంది. పథకంలో లేని ఇళ్లకు కూడా 200 దాటితే మొదటి యూనిట్ నుంచే స్లాబు మారిపోతుంది. కూలర్ నడిచే ఏప్రిల్, మే నెలల్లో 180 దగ్గర ఆగుతున్న ఇంటిని ఒక పాత డెస్క్‌టాప్ ఒక్కటే ఆ గీత దాటించగలదు. పాత బిల్లులు తీసి ఎండాకాలం నెలల్లో ఎన్ని యూనిట్లు కాలాయో చూసుకున్నాకే యంత్రం ఎంచుకోండి.

వేడి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు పై అంతస్తు గదిలో, స్లాబు కింద, సజ్జ మీద గాలి ఆడదు. ఏసీ గదిలో పరీక్షించిన యంత్రం మన సజ్జ మీద అలాగే నడుస్తుందని అనుకోవద్దు.

డిస్కులకు చోటు, చూసుకునే మనిషి. 1 టీబీ చాలునా, 8 టీబీ కావాలా అన్న దాన్నిబట్టి సగం యంత్రాలు పక్కకు పోతాయి. మీరు ఆ ఇంట్లోనే ఉంటారా, లేక హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి అమ్మానాన్నల ఇంట్లో పెడుతున్నారా అన్న దాన్నిబట్టి మిగతావి కూడా తగ్గుతాయి.

| యంత్రం | పెద్ద పని లేనప్పుడు నెలకు యూనిట్లు (సుమారు) | కరెంటు తిరిగొచ్చాక | డిస్కులకు చోటు | ఎండాకాలం |
|---|---|---|---|---|
| పాత ల్యాప్‌టాప్ | 7–14 | బ్యాటరీ బాగుంటే అసలు ఆగదు. పూర్తిగా దిగితే మోడల్‌ని బట్టి | తక్కువ | బ్యాటరీతో జాగ్రత్త |
| రాస్‌బెర్రీ పై 5 | 3–4 | దానంతట అదే ఆన్ | తక్కువ, అదనపు బోర్డు కావాలి | ఫ్యాన్ ఉంటే పర్వాలేదు |
| వాడిన ఆఫీసు మినీ పీసీ | 7–11 | బయోస్‌లో (విండోస్, లినక్స్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ) పెడితే ఆన్ | లోపల రెండు చిన్న డిస్కులు | బాగానే తట్టుకుంటుంది |
| కొత్త ఎన్100 (ఇంటెల్ చిప్) మినీ పీసీ | 5–9 | ఎక్కువ వాటిలో బయోస్‌లో పెట్టుకోవచ్చు | ఒకటి రెండు | ఫ్యాన్ లేనివి వద్దు |
| పాత డెస్క్‌టాప్ టవర్ | 29–50 | బయోస్‌లో పెడితే ఆన్ | పుష్కలం | దుమ్ము దులుపుతూ ఉండాలి |
| రెండు డిస్కుల నాస్ బాక్సు (ఫైళ్లు దాచడానికే చేసిన రెడీమేడ్ సర్వర్) | 11–18 | సెట్టింగ్‌లో పెడితే ఆన్ | రెండు పెద్ద డిస్కులు | పర్వాలేదు |

ఇవి యంత్రం పెద్దగా పనిలేకుండా ఉన్నప్పటి అంకెలు. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే పని నడుస్తున్నప్పుడు ఎక్కువే కాలుతుంది, కానీ అది రోజంతా ఉండదు.

## పాత ల్యాప్‌టాప్: ఇంట్లో ఉంటే ముందు ఇదే

స్క్రీన్ పగిలిందనో, కీబోర్డు పోయిందనో బీరువాలో పడేసిన ల్యాప్‌టాప్ ఉంటే ఇంకేదీ కొనకుండా దానితో మొదలుపెట్టండి. దాని బ్యాటరీయే యూపీఎస్, కీబోర్డూ స్క్రీనూ దానికే ఉన్నాయి. కాజీపేట వైపు గది తీసుకుని ఉంటున్న ఇంజనీరింగ్ విద్యార్థికి లినక్స్ నేర్చుకోవడానికి ఇంతకంటే చవక దారి లేదు. మూత వేస్తే నిద్రపోకుండా లినక్స్‌లోని లాగిన్‌డీ (logind) అనే ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైల్లో లిడ్ స్విచ్‌ని ఇగ్నోర్ అని మార్చాలి. అంతే.

భయం బ్యాటరీ దగ్గరే. ఏళ్ల తరబడి 100 శాతం చార్జింగ్‌లో, వేడిలో ఉంచితే అది ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ కొద్దిగా పైకి లేచినా, క్లిక్ బిగుసుకున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఒక మూల ఆడుతున్నా వెంటనే ఆపి బ్యాటరీ తీయించండి. ఇలాంటివి కనిపించకపోతే థింక్‌ప్యాడ్ లాంటి మోడళ్లలో టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్‌తో చార్జింగ్ 60 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవచ్చు. అన్ని ల్యాప్‌టాప్‌లూ ఇందుకు ఒప్పుకోవు, ముందే చూసుకోండి.

బ్యాటరీ తీసేస్తే ఇంకో చిక్కు వస్తుంది. కరెంటు వచ్చినా చాలా ల్యాప్‌టాప్‌లు ఎవరో ఒకరు బటన్ నొక్కేదాకా లేవవు. డెల్ లాటిట్యూడ్‌ల బయోస్‌లో ‘వేక్ ఆన్ ఏసీ’ అని, కొన్ని థింక్‌ప్యాడ్‌లలో ‘పవర్ ఆన్ విత్ ఏసీ అటాచ్’ అని ఉంటుంది. మీ దాంట్లో అలాంటిది లేకపోతే మీరు ఊళ్లో ఉన్నన్నాళ్లే అది సర్వర్.

## రాస్‌బెర్రీ పై 5: పేరు పెద్దది, పని చిన్నది

ఇది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు. యాడ్స్ ఆపే పై-హోల్‌కి, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌కి, వేరే ఇంట్లో పెట్టే చిన్న బ్యాకప్ యంత్రానికి ఇది చక్కగా సరిపోతుంది. కరెంటు తగలగానే దానంతట అదే ఆన్ అవుతుంది, మీటర్ మీద దాని ఉనికే తెలియదు.

దీన్నే ఇంటి మొత్తానికి సర్వర్‌గా కొనాలనుకుంటే మాత్రం నేను వద్దనే చెబుతాను. దీనికి 5 వోల్టులు, 5 యాంపియర్లు ఇచ్చే ప్రత్యేకమైన అడాప్టర్ కావాలి. మామూలు ఫోన్ చార్జర్ పెడితే యూఎస్‌బీ పోర్టులకు పవర్ తగ్గించేస్తుంది, అప్పుడు బయటి హార్డ్ డిస్కు మధ్యలో ఊడినట్టు మాయమవుతుంది. మెమరీ కార్డు మీద నడిపితే ఏదో ఒక కరెంటు కోతకు ఆ కార్డు పాడవుతుంది, ఎస్ఎస్‌డీ పెట్టాలంటే అదనపు బోర్డు కొనాలి. అడాప్టర్, కూలర్, డబ్బా, బోర్డు, ఎస్ఎస్‌డీ అన్నీ కూడితే వాడిన మినీ పీసీ ధర దగ్గరకే వస్తుంది. పైగా పై 5లో వీడియో ఎన్‌కోడర్ హార్డ్‌వేర్ తీసేశారు. జెల్లీఫిన్‌లో సినిమాను ఫోన్‌కి తగ్గట్టు మార్చి పంపాల్సి వస్తే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 80 డిగ్రీలు దాటితే స్పీడు తగ్గించుకునే చిప్ ఇది, మన ఎండాకాలంలో యాక్టివ్ కూలర్ లేకుండా పెట్టొద్దు.

## వాడిన ఆఫీసు మినీ పీసీ: ఎక్కువమందికి నా సలహా

డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. లావుపాటి పుస్తకమంత ఉండే ఈ డబ్బాలను కంపెనీలు వందల్లో కొని, కొన్నేళ్లకు ఒకేసారి అమ్మేస్తాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కంటే పాతవి విండోస్ 11 జాబితాలో లేవు కాబట్టి 6వ, 7వ తరం యంత్రాలు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. లినక్స్‌కి ఆ పట్టింపు లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల వెతికితే దొరుకుతాయి, కాజీపేటలో రైలెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి, కానీ చేత్తో పట్టి చూసి కొనడం మేలు.

డబ్బు కలిసొస్తే 8వ తరం ఐ5 తీసుకోండి. బడ్జెట్ చాలకపోతే కనీసం 7వ తరం. పది బిట్ల హెచ్ఈవీసీ (వీడియోను కుదించే ఒక పద్ధతి) వీడియోను గ్రాఫిక్స్ భాగమే విప్పే సదుపాయం అక్కడి నుంచే పూర్తిగా ఉంది. ర్యామ్ 8 జీబీతో నడుస్తుంది. ఇమిచ్ ఒక్కటే 6 జీబీ కోరుతుంది కాబట్టి 16 ఉంటే టెన్షన్ ఉండదు.

షాపులో డబ్బు ఇచ్చేముందు మానిటర్ తగిలించి బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ యంత్రం వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే. లోపలికి వెళ్లగలిగితే డెల్‌లో ‘ఏసీ రికవరీ’, లెనోవో, హెచ్‌పీల్లో ‘ఆఫ్టర్ పవర్ లాస్’ అనేదాన్ని పవర్ ఆన్‌కి మార్చి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టమనండి. దానంతట అదే లేవాలి.

అడాప్టర్ కూడా ఒరిజినల్ అయి ఉండాలి. డెల్ యంత్రాలు అడాప్టర్‌ని గుర్తుపట్టకపోతే మొదట్లోనే హెచ్చరిక చూపించి, ఏదైనా కీ నొక్కేదాకా అక్కడే ఆగిపోతాయి, ప్రాసెసర్ స్పీడూ తగ్గిస్తాయి. కీబోర్డు లేకుండా మూలన పెట్టిన సర్వర్ అలా ఆగితే మీకు కనిపించేది ‘సర్వర్ దొరకడం లేదు’ అన్నమాట ఒక్కటే. కారణం తెలుసుకోవాలంటే ఇంటికి పోవాల్సిందే. లోపలి సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినా ఇలాగే టైం తప్పి, కీ నొక్కమని ఆగుతుంది. కొన్న రోజే ఆ సెల్ మార్చేయండి, కిరాణా షాపులో కూడా దొరుకుతుంది.

దీని లోటు డిస్కుల చోటు. లోపల ఒక ఎన్వీఎంఈ (చిన్న పట్టీలా ఉండే ఎస్ఎస్‌డీ), ఒక రెండున్నర అంగుళాల డిస్కు, అంతవరకే. అంతకుమించి కావాలంటే యూఎస్‌బీకి తగిలించాలి. బ్యాకప్ డిస్కుకి అది సరే, నాలుగైదు డిస్కులను యూఎస్‌బీ మీద కలిపి రెయిడ్ (అన్నీ ఒకే డిస్కులా నడిచే ఏర్పాటు) కట్టడం మాత్రం వద్దు.

### ఎన్100 కొత్త డబ్బాలు

పాత సరుకంటే నమ్మకం లేనివాళ్లకు ఇవి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100లో నాలుగు చిన్న కోర్లు, చిప్ రేటింగ్ 6 వాట్లే, ఏవీ1 అనే కొత్త రకం వీడియో కూడా విప్పుతుంది. చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే ఉంటుంది కాబట్టి సరిపడా యాంపియర్లు ఇచ్చే డీసీ మినీ యూపీఎస్ మీద నేరుగా నడుస్తాయి. 19–20 వోల్టుల ఆఫీసు మినీలకు ఆ సౌకర్యం లేదు. కానీ కంపెనీ పేరు వినని డబ్బాలకు బయోస్ అప్‌డేట్లు, విడిభాగాలు దొరకవు. రెండేళ్ల తర్వాత ఫ్యాన్ పోతే హనుమకొండలో ఏ రిపేర్ షాపతనూ సరిగ్గా ఆ ఫ్యాన్ తెచ్చివ్వలేడు. ఆప్టిప్లెక్స్ ఫ్యాన్ తెప్పించగలడు.

## టవర్: ఫొటో స్టూడియోలకు

పెళ్లిళ్ల సీజన్‌లో టీబీల లెక్కన ఫుటేజీ పోగయ్యే స్టూడియోకి ఇప్పటిదాకా చెప్పినవేవీ చాలవు. నాలుగు మూడున్నర అంగుళాల డిస్కులు పట్టే టవర్ కావాలి, షాపు కనెక్షన్ కాబట్టి గృహజ్యోతి గొడవా ఉండదు. హార్డ్ డిస్కులు డేటా రాసే పద్ధతిని బట్టి సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలు. కొనేటప్పుడు సీఎంఆర్ రకమేనా అని అడగండి. ఎస్ఎంఆర్ రకం పెద్ద రాతపనిలో బాగా నెమ్మదిస్తుంది, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో కట్టిన రెయిడ్‌లో డిస్కు మార్చి తిరిగి నింపేటప్పుడు చుక్కలు చూపిస్తుంది. డబ్ల్యూడీ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్‌వే.

మామూలు ఇంటికి టవర్ దండగ. ఊరికే వచ్చిందని పెట్టుకున్నా మీటర్ ఊరుకోదు.

## నాస్ బాక్సు: నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు

సైనాలజీ లాంటి కంపెనీల డబ్బాల్లోపల నడిచేదీ లినక్సే, కానీ అది మీకు కనిపించదు. బ్రౌజర్‌లో నాలుగు క్లిక్కులతో పని అయిపోతుంది. క్లినిక్ నడిపే డాక్టర్‌కో, రిటైరైన లెక్చరర్‌కో నేను దీన్నే చెబుతాను. ధర ఎక్కువ, ప్రాసెసర్ చిన్నది, పైగా పెత్తనం కంపెనీది. 2025లో సైనాలజీ తన కొత్త ప్లస్ మోడళ్లలో తాము ఆమోదించిన డిస్కులే వాడాలని షరతు పెట్టి, విమర్శలు వచ్చాక అదే ఏడాది సడలించింది. కొన్నాక రూలు మారితే మీ చేతిలో ఏమీ ఉండదని తెలిసే కొనండి.

## ఏ లినక్స్?

యంత్రం మీద చేసినంత ఆలోచన దీని మీద అక్కర్లేదు. లినక్స్‌లో ఎన్నో రకాలున్నా ఇంటి సర్వర్‌కి డెబియన్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వేసుకుంటే సుమారు ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, మధ్యలో అడుగడుగునా మార్పులుండవు. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడతాయి. ఉబుంటు సర్వర్ 24.04లో అది ముందే ఆన్ అయి ఉంటుంది, కొత్తవాళ్లకు గైడ్లూ ఎక్కువ దొరుకుతాయి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డాకర్‌ని (ఇమిచ్ లాంటి ప్రోగ్రాములను విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) స్నాప్ అనే ఉబుంటు సొంత ప్యాకేజీ రూపంలో ఇవ్వజూపుతుంది, అది వద్దని డాకర్ వాళ్ల సొంత రిపాజిటరీ నుంచే వేసుకోండి.

కమాండ్లంటే జంకే వాళ్లకు బ్రౌజర్‌లోంచే నడిపే ఓపెన్‌మీడియావాల్ట్ ఉంది, డెబియన్ మీదే కట్టింది. ప్రాక్స్‌మాక్స్ కూడా డెబియన్ మీదిదే కానీ వర్చువల్ మెషీన్లు నేర్చుకోవాలనుకునే విద్యార్థికి తప్ప ఫొటోల సర్వర్‌కి అది అనవసరపు అంతస్తు. ఏది వేసినా డాకర్‌లో ‘లేటెస్ట్’ ట్యాగ్ పెట్టి వదిలేయొద్దు. వెర్షన్ నంబరు రాసి, రిలీజ్ నోట్స్ చదివి, బ్యాకప్ అయ్యాకే పైకి మార్చండి.

## బయటి నుంచి అందుకోవడం

మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి, అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపున్న అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అంతే. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్లను రౌటర్ మీదుగా సర్వర్‌కి మళ్లించడం) మీద ఒక సాయంత్రం పోగొట్టుకునే ముందు ఇది చూసుకోండి.

మూడు దారులున్నాయి. మొదటిది టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (మీ యంత్రాల మధ్య ప్రైవేటు దారి) సేవ. అది సీజీనాట్ వెనక కూడా పనిచేస్తుంది, ఫోన్‌లో యాప్ వేసి లాగిన్ అయితే చాలు. ఇంటివాళ్లకు ఇదే సరైనది. నేరుగా దారి దొరకనప్పుడు వాళ్ల రిలే మీదుగా నెమ్మదిగా వెళుతుంది. ఆ లాగిన్ వ్యవస్థ వాళ్ల చేతిలో ఉండటం ఇష్టం లేకపోతే సొంతంగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు. 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది లినక్స్ కెర్నెల్లోనే ఉంది. దానికి పబ్లిక్ ఐపీ గానీ, రెండు వైపులా ఐపీవీ6 గానీ కావాలి. మూడోది క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల మీదుగా మీ సర్వర్‌కి దారిచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్. మీ పేరుతో డొమైన్ ఉండి వెబ్‌సైటు చూపించాలంటే బాగుంటుంది, ఫొటోల బ్యాకప్‌కి పనికిరాదు. ఉచిత ప్లాన్‌లో 100 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని తిప్పి పంపుతుంది, ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియోనే అంతకు మించుతుంది.

## ఎక్కడ పెట్టాలి, ఎలా కాపాడాలి

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేరే యూపీఎస్ కొనేముందు దాని మీద ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మీదికి మారేటప్పుడు, ఫ్యాను, లైటు తట్టుకునే క్షణంపాటు కరెంటు ఆగిపోతుంది, కంప్యూటర్ ఆ క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ వ్యవధి తగ్గుతుంది. రౌటర్‌ని, ఫైబర్ డబ్బాని కూడా అదే లైన్ మీద పెట్టండి. సర్వర్ నడుస్తూ రౌటర్ ఆగిపోతే బయటున్న మీకు రెండూ ఒకటే.

సజ్జ వద్దు, టీవీ స్టాండ్ మూసిన అర వద్దు. నేల మీదా వద్దు: 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి వరద ఎలా వచ్చిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హాల్లో నడుము ఎత్తు షెల్ఫ్, వెనక గోడకు నాలుగు వేళ్ల సందు ఉంటే చాలు. మార్చిలో ఒకసారి, దసరా దులుపుడుకి ఒకసారి మూత తీసి బ్లోయర్ పెట్టండి. ఆ వెచ్చదనానికి బొద్దింకలు, బల్లులు చేరతాయి. టవర్ అయితే వెనక ఖాళీ స్లాట్లకు జాలీ బిగించండి.

రెండు డిస్కులను మిర్రర్ చేస్తే ఒక డిస్కు పోయినప్పుడు పని ఆగదు. పొరపాటున తుడిచేసిన ఫోల్డర్ మాత్రం రెండింటిలోనూ పోతుంది కాబట్టి దాన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టొద్దు. రెస్టిక్ గానీ బోర్గ్ గానీ ఏదో ఒక బ్యాకప్ ప్రోగ్రామ్ పెట్టి రోజూ రాత్రి ఒక యూఎస్‌బీ డిస్కుకి, ఇంకో కాపీ వేరే ఊరికి పంపండి. కరీంనగర్‌లో అక్క ఇల్లుంటే పైన వద్దన్న రాస్‌బెర్రీ పై, దానికొక డిస్కు అక్కడ పెట్టడం మంచి ఏర్పాటు. కరెంటు ఖర్చు బావగారు గమనించరు కూడా. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. అదే రోజు స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో డిస్కుల ఆరోగ్య రిపోర్టు కూడా చూసి, పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) సున్నా కాకపోతే కొత్త డిస్కుకి ఆర్డరిచ్చేయండి.

విదేశంలో ఉండి అమ్మానాన్నల ఇంట్లో పెట్టేవాళ్లు సెలవుల్లో వచ్చినప్పుడు, తిరుగు ప్రయాణానికి కనీసం వారం ముందే ఇదంతా పూర్తిచేయాలి. ఆ వారంలో మెయిన్ స్విచ్ ఒకసారి మీరే ఆపి, అరగంట తర్వాత వేసి, ఫోన్‌ని వైఫై నుంచి తీసి మొబైల్ డేటా మీద ఫొటోలు తెరవండి. తెరుచుకోకపోతే బాగుచేసుకునే టైం ఇంకా ఉంటుంది. అడాప్టర్ మీద ‘తీయొద్దు’ అని తెలుగులో రాసిన స్టిక్కర్ ఒకటి అంటించండి, ఊడ్చేటప్పుడో, ఫోన్ చార్జింగ్ పెట్టేటప్పుడో ముందు పీకేది ఆ ప్లగ్గునే.